తాతగారి రివాల్వరుకి కొత్త పిడి

మా ఇంటి పాత సామాన్ల గురించి రాస్తున్న వరసలో ఇనప్పెట్టె అయింది, అమ్మమ్మ రోకలి అయింది. ఈసారి తాతగారి రివాల్వరు. దాని పిడి చెక్కలు మార్చాల్సి వచ్చినప్పుడు ఇంట్లో జరిగిన చర్చ, మేం తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాసిపెడుతున్నాం. ఇలాంటి వస్తువు బీరువాలో ఉన్న కుటుంబాలు మన వాళ్లలో చాలానే ఉన్నాయి.

తుంగభద్ర డ్యాము 1953లో పూర్తయ్యాక కృష్ణా, గోదావరి, గుంటూరు వైపు నుంచి ఎందరో గంగావతి, సింధనూరు ప్రాంతాలకి వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. మా వాళ్లూ అలా వచ్చినవాళ్లే. వడ్లమ్మిన డబ్బు నడుముకి కట్టుకుని చీకట్లో కాలవగట్టు మీద రావాలి. అందుకని తాతగారు లైసెన్సు తీసుకుని వెబ్లీ అండ్ స్కాట్ వారి మార్క్ ఫోర్, .32 రివాల్వరు కొన్నారు. మనిషి మీదకి ఎత్తిన సందర్భం ఒక్కటీ లేదని పెద్దవాళ్లు చెప్తారు. ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్లో జమ చేయడం, అయ్యాక తెచ్చుకోవడం, దాని ప్రయాణాలన్నీ ఇంతే.

తాతగారి తర్వాత అది పెదనాన్న పేరు మీదకి వచ్చింది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకి 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు దగ్గరున్నా వారసులకి లైసెన్సు కోసం అడగొచ్చు. పెదనాన్నకి 70 దాటాయి. అక్క శిక్షణ తీసుకుని దరఖాస్తు పెట్టింది. అప్పుడే పిడి విషయం బయటపడింది. పాత చెక్కలు నల్ల ఎబొనైటువి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పదార్థం గోధుమరంగుకి తిరిగి పెళుసుబారిపోతుంది. ఎడమవైపు చెక్క అడుగు మూల ఊడిపోయింది.

ఇక తలా ఒక మాట. డాలస్‌లో ఉన్న తమ్ముడు స్మిత్ అండ్ వెస్సన్ పిడుల ఫొటోలు పంపి "ఏది కావాలో చెప్పండి, తెచ్చేస్తా" అన్నాడు. పిన్ని "ఉన్నదాన్నే అతికించండి, అది నాన్నగారి చెయ్యి పడ్డ చెక్క" అంది. బాబాయి అయితే అసలు ఆ వస్తువునే అప్పజెప్పేద్దాం అన్నారు. ఎవరి మాటా తీసిపారేసేది కాదు.

ముందు తమ్ముడి మాట సంగతి. రివాల్వరు పిడి చెప్పుల జత లాంటిది కాదు, కుడి ఎడమా చూసి నంబరు చెప్తే సరిపోదు. చెక్కలు తీసేస్తే లోపల ఇనప ఫ్రేము కనిపిస్తుంది. ఆ ఫ్రేము రూపమే పిడిని నిర్ణయిస్తుంది. స్మిత్ అండ్ వెస్సన్‌లోనే జె, కె, ఎల్, ఎన్ అని ఫ్రేములున్నాయి. కె, ఎల్ రెండింటికీ పిడి భాగం ఒకటే. జె చిన్నది, ఎన్ వేరు. పైగా అడుగు గుండ్రంగా ఉండేవి కొన్ని, పలకగా ఉండేవి కొన్ని. గుండ్రటి ఫ్రేము మీద పలక ఆకారం పిడి కప్పొచ్చు, చెక్క ఆ తేడాని నింపేస్తుంది. పలక ఫ్రేముకి గుండ్రటి పిడి కావాలంటే మాత్రం ఇనుమే అరగదీయాలి.

వెబ్లీలోనూ ఇదే గొడవ. .455 సైజులో మార్క్ వన్ నుంచి ఫైవ్ దాకా పిట్ట తలలా వంపు తిరిగిన పిడి, 1915లో వచ్చిన మార్క్ సిక్స్‌కి పలక పిడి. గొట్టం మీద పేరొకటే గదా అని కొంటే కూర్చోదు. కాన్పూరులో తయారయ్యే మన ఆర్డ్‌నెన్సు వారి .32 రివాల్వరు వెబ్లీ మార్క్ ఫోర్ వంశమే. అయినా చుట్టరికం చూసి చెక్క తెచ్చుకోకూడదు. ముందు అంచు, వెనక అంచు వంపు, అడుగు వెడల్పు, స్క్రూ రంధ్రం ఎక్కడుంది, చెక్క జరక్కుండా పట్టుకునే పిన్ను ఎక్కడుంది, ఇవన్నీ కొలిచాకే.

తర్వాతది చెయ్యి. తాతగారిది నాగలి పట్టిన చెయ్యి, అక్కది చిన్నది. పిడి లావైతే వేలు ట్రిగ్గరు మీదకి సరిగా అందక గొట్టాన్ని పక్కకి లాగుతుంది. మరీ సన్నమైతే పేలినప్పుడు అరచేతిలో జారుతుంది. మా రివాల్వరుకి రెండు పక్కలా రెండు చెక్కలే, వెనకాల ఇనుము బయటికే ఉంటుంది. అందుకని చెక్క మందం తగ్గిస్తే చుట్టుకొలత తగ్గుతుంది గానీ వెనక నుంచి ట్రిగ్గరుకున్న దూరం మారదు. ఇది తెలిశాక అక్క వాదన మానేసి పలచటి చెక్కలే అడిగింది.

ఏ కర్ర? ఏనుగు దంతం, కణుజు కొమ్ము పిడులు పాత ఇళ్లలో కనిపిస్తాయి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు వాటి జోలికి పోకూడదు. మన ఏటికొప్పాక బొమ్మల అంకుడు, ఇక్కడి చెన్నపట్న బొమ్మల ఆలె మర ఒకే చెట్టు. ఆ ముచ్చటకి దాంతోనే చేయిద్దామనుకున్నాం గానీ అది మెత్తన. చివరికి ఇరుగుడు, ఇక్కడివాళ్లు బీటె అంటారు, మైసూరు పొదుగు పనికి వాడేది. గట్టిది, నున్నగా వస్తుంది.

ఒక జాగ్రత్త. లైసెన్సు లేని మనిషి చేత తుపాకీ బాగుచేయించడం ఆయుధ చట్టం ఒప్పదు. అందుకని రివాల్వరు వడ్రంగి ఇంటికి వెళ్లలేదు. లైసెన్సున్న దుకాణం ఆయన గుళ్లు లేవని చూసుకుని, ఫ్రేము ఆకారం అట్ట మీద గీసిచ్చాడు. వడ్రంగికి ఆ అట్ట, పాత చెక్కలు మాత్రమే ఇచ్చాం. చెక్క కాస్త పెద్దగా చెక్కించి, మళ్లీ దుకాణంలోనే అంచులు రుద్దించి కూర్చోబెట్టాం. లోపలి వైపు స్ప్రింగు తగలకుండా కాస్త తొలిపించాలి. స్క్రూకి ఇత్తడి బుష్ వేయాలి. బిగుతు చేతికి తెలిసేంతే, ఇంకో చుట్టు తిప్పితే కొత్త చెక్క చీలుతుంది.

పిన్ని మాట కూడా నిలిచింది. పాత చెక్కల్ని అతికించలేదు, పారేయలేదు. తాతగారి బొటనవేలి కింద అరిగి నున్నబడిన చోటుంది చూశారా, అది ఏ వడ్రంగీ చెక్కలేడు. గుడ్డలో చుట్టి, ఏ రివాల్వరువో, ఎప్పుడు తీశామో కాగితం రాసి పెట్టాం. అవి పిన్ని దగ్గరే ఉన్నాయి.

బాబాయి మాటకి మాత్రం జవాబు ఇంకా వెతుకుతూనే ఉన్నాం. ఇప్పుడు కాలవగట్టు మీద దీపాలున్నాయి, వడ్ల డబ్బు బ్యాంకులో పడుతుంది. అది ఇంట్లో ఉండాలా అన్నది అయిదేళ్లకోసారి లైసెన్సు రెన్యువల్ వచ్చినప్పుడు అందరం కూర్చుని తేల్చుకుందామని ఒప్పుకున్నాం. ఉన్నన్నాళ్లూ మాత్రం, పట్టుకోవాల్సిన చేతికి సరిపోయేలా ఉండాలి.