నాలుగో వారానికి టికెట్

అమెరికాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో ఒక అలవాటు స్థిరపడిపోయింది. హైదరాబాద్‌లో అమ్మకో నాన్నకో పెద్ద ఆపరేషన్ అనగానే ముందు తేదీ అడుగుతాం. దానికి రెండు రోజుల ముందు శంషాబాద్‌లో దిగేలా టికెట్ కొంటాం, సెలవు అయిపోగానే వచ్చేస్తాం. మోకాలి చిప్ప మార్పిడికి ఈ లెక్క ఎలాగోలా సరిపోతుందేమో గానీ, కిడ్నీ మార్పిడికి మాత్రం ఇది తలకిందుల లెక్క. ఆపరేషన్ రోజున ఆసుపత్రి వరండా నిండా బంధువులుంటారు, బాధ్యతంతా డాక్టర్లది. మూడు వారాలు గడిచాక పలకరించేవాళ్లు తగ్గిపోతారు, బాధ్యతంతా ఇంటి మీద పడుతుంది. చేతిలో ఉన్న కాస్త సెలవునూ ఆ రెండో దశకు దాచుకోవాలని నా వాదన.

చాదర్‌ఘాట్‌నే తీసుకుందాం. ఇటు అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి, అటు మూసీ దాటితే మలక్‌పేటలో ప్రైవేటు ఆసుపత్రులు, దగ్గర్లోనే ఎంజీబీఎస్ బస్‌స్టేషన్. నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చిన కుటుంబాన్ని "డిశ్చార్జి అయినా ఊరికి వెళ్లకండి, కొన్నాళ్లు దగ్గర్లోనే ఉండండి" అని డాక్టరు ఆపితే, అద్దె గది వెతుక్కోవడానికి అనువైనవి ఇలాంటి పేటలే. ఆపడానికి కారణం ఉంది. కొత్త కిడ్నీని శరీరం పరాయిదిగా గుర్తించి తిప్పికొట్టే ప్రమాదం మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువ. అది జరగకుండా ఇచ్చే మందుల మోతాదు కూడా అప్పుడే ఎక్కువ, అంటే రోగనిరోధక శక్తి బాగా తగ్గి ఉండేదీ అప్పుడే. ఒకవైపు మందు చాలకపోతే కిడ్నీకి ముప్పు, మరోవైపు ఎక్కువైతే ఇన్ఫెక్షన్. ఈ రెండింటి మధ్య దారి దొరికేదాకా మొదటి నెలలో వారానికి రెండు మూడు సార్లు రక్తపరీక్ష తప్పదు. ఆ మందుల్లో ఒకటైన టాక్రోలిమస్ మోతాదు చూసే పరీక్షకు ముందురోజు రాత్రి మాత్ర వేసుకున్నాక సరిగ్గా పన్నెండు గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకముందే, రక్తం ఇవ్వాలి. అలవాటు కొద్దీ ఇంట్లోనే మాత్ర మింగి బయల్దేరితే ఆ రోజు పరీక్ష వృథా. సాయంత్రం రిపోర్టు చూసి డాక్టరు అర మిల్లీగ్రాము పెంచమంటారు, నాలుగు రోజులకు మళ్లీ తగ్గించమంటారు. ఏ రోజు ఎంత వేసుకున్నారో రాసిపెట్టే మనిషి ఇంట్లో ఉండాలి. రోగే రాసుకోవచ్చు కదా అంటారా? టాక్రోలిమస్ వల్ల చాలామందికి చేతులు వణుకుతాయి, స్టెరాయిడ్ వల్ల నిద్ర పట్టదు.

ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ ఎదురుచూసే అంకె క్రియాటినిన్, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పేది అదే. ఆ మాట విన్నప్పుడల్లా నాకు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తాడు. కండరాల్లో ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి బయటపెట్టింది ఆయనే. అది విడిపోగా మిగిలే వ్యర్థమే ఈ క్రియాటినిన్. అమెరికా వెళ్లి మళ్లీ స్వదేశం చూడని తెలుగువాడు ఆయన. సరే, అసలు సంగతికి వస్తాను. క్రియాటినిన్ పెరిగిందన్న కబురు రక్తపరీక్షలో తెలిసేలోపే ఇంట్లో గమనించగల గుర్తులు కొన్నుంటాయి. మూత్రం తగ్గడం, పాదాలు ఉబ్బడం, ఒక్క రోజులో బరువు పెరగడం, కిడ్నీ పెట్టినచోట నొప్పి, జ్వరం. జ్వరంతో ఇంకో చిక్కుంది. స్టెరాయిడ్లు దాన్ని కప్పేస్తాయి, అందుకే కాస్త వెచ్చబడినా తేలిగ్గా తీసుకోకూడదు. విరేచనాలు పట్టుకుంటే రక్తంలో టాక్రోలిమస్ మోతాదే మారిపోతుంది. ఏదో యాంటీబయాటిక్ అడిగి మందుల షాపులో కొనుక్కుంటే, అందులో కొన్ని ఆ మోతాదును పెంచేస్తాయి. నొప్పి మాత్రల్లో చాలావాటితో కిడ్నీకే దెబ్బ. ఇవన్నీ చీటీలో రాసి ఇస్తారు, నిజమే. ఆ చీటీని రోజూ చదివే మనిషి ఎవరన్నదే ప్రశ్న.

ఆ మనిషి సాధారణంగా ఇంటి ఇల్లాలు. సరిగ్గా ఇక్కడే మన లెక్క పూర్తిగా తప్పుతోంది. మన దేశంలో కిడ్నీ మార్పిళ్లలో ఎక్కువభాగం బతికున్న దాతల నుంచే జరుగుతాయి, ఆ దాతల్లో ఎక్కువమంది ఆడవాళ్లు. భర్తకు భార్య ఇస్తుంది, కొడుకుకు తల్లి ఇస్తుంది. ఇచ్చినామె నాలుగైదు రోజుల్లో డిశ్చార్జి అవుతుంది, ఆరు వారాలపాటు బరువులెత్తవద్దని చెప్పి పంపుతారు. అంటే ఆ అద్దె గదిలో ఆపరేషన్ అయినవాళ్లు ఇద్దరు. ఒకరికి మందులిచ్చి, నీళ్లు కాచి, వండి పెట్టాల్సింది రెండో రోగి! బిందె ఎత్తకూడని మనిషే బిందె ఎత్తుతుంది, ఎందుకంటే ఎత్తేవాళ్లు ఇంకెవరూ లేరు. ఆమెను త్యాగమూర్తి అని పొగుడుతూ ఫోన్లో మాట్లాడటం కంటే, ఆ ఆరు వారాల్లో రెండు వారాలు ఆమె వంటగదిని మనం తీసుకోవడం మేలు.

బల్ల మీద ఏమన్నా అయితే జీవితాంతం బాధపడతాం కదా అని చాలామంది అంటారు. ఈ భయాన్ని నేను తక్కువ చేయను. కానీ కిడ్నీ, మరణించిన దాతల అవయవాలు కేటాయించే జీవన్‌దాన్ నుంచి వచ్చే పక్షంలో ఆ ప్రశ్నే ఉండదు. 2013 నుంచి నడుస్తున్న ఆ పథకంలో పేరు నమోదు చేసుకున్నవాళ్లకు ఫోన్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. తీసిన కిడ్నీని దాదాపు ఒక రోజులోపే అమర్చాలని చూస్తారు. అమెరికాలో బయల్దేరి, దారిలో విమానం మారి, హైదరాబాద్‌లో దిగడానికి పట్టే సమయమూ అంతే. ఎలాగూ అందుకోలేని రోజు కోసం సెలవు అట్టిపెట్టడంలో అర్థం లేదు. కుటుంబ దాత అయితే తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ వంతులు వేసుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఆపరేషన్ చూసుకుంటే, విమానం ఎక్కేవాళ్లు తర్వాత రావచ్చు.

నర్సును పెడతాం, రోజూ వీడియో కాల్లో చూస్తాం అనే జవాబు మరింత బలమైనది. అందులో సగం ఒప్పుకుంటాను. మాత్రల వేళకు అలారం పెట్టడం, రిపోర్టులు చదవడం, డాక్టరుకు ఫోన్ చేయడం న్యూజెర్సీలో కూర్చునీ చేయొచ్చు. మంచి నర్సు డ్రెయిన్ తీసిన గాయాన్ని మనకంటే బాగా చూస్తుంది. కానీ నర్సుకు చేతకానిది ఒకటుంది, పరామర్శకు వచ్చిన పెద్దమామయ్యను గుమ్మంలో ఆపడం. దగ్గుతూ వచ్చినవాళ్లు మంచం పక్కన గంటసేపు కూర్చుంటారు, ఎవరో చెప్పిన ఆకు పసరు తాగమంటారు, పంపరపనస పండు మంచిదని తెస్తారు. అది కూడా టాక్రోలిమస్‌ను పెంచగలదు. కోడలు వద్దంటే మాట పడుతుంది. అమెరికా నుంచి వచ్చిన కొడుకో కూతురో వద్దంటే "అక్కడి పద్ధతులు వాళ్లవి" అని నవ్వుకుని వెళ్లిపోతారు. మన మీద ఉన్న ఈ చులకన అభిప్రాయం ఒక్కసారైనా పనికొచ్చే సందర్భం ఇదే.

ఉద్యోగం సంగతేమిటి? ఇక్కడ అమెరికాలో 1993 నాటి కుటుంబ, వైద్య సెలవుల చట్టం కింద ఏడాదికి పన్నెండు వారాల దాకా జీతం లేని సెలవు తీసుకోవచ్చు. యాభై మంది కంటే తక్కువ ఉన్న చిన్న కంపెనీలకు చాలావరకు ఇది వర్తించదు, కనీసం ఏడాది పనిచేసి ఉండాలి. తల్లిదండ్రులు వేరే దేశంలో ఉన్నా ఇది వర్తిస్తుంది, అక్కడి డాక్టరు ధ్రువపత్రం ఇవ్వాలి. అత్తమామలకు మాత్రం వర్తించదు. కాబట్టి అల్లుడు కాదు, కూతురే అడగాలి. వీసా స్టాంపింగ్ భయంతో కదలలేనివాళ్ల మీద నా వాదన రుద్దను. వాళ్లు డబ్బుతో, ఫోన్‌తో చేయగలిగింది చేయనీ. మందుల ఖర్చు ఆరోగ్యశ్రీలో ఉన్నవాళ్లకు తెలంగాణ ప్రభుత్వం జీవితాంతం భరిస్తోంది కూడా. అమెరికాలో వయసు అరవై అయిదు నిండని చాలామందికి మెడికేర్ ఈ మందులను మూడేళ్ల తర్వాత ఆపేసేది, 2023లో గానీ ఆ లోటు తీరలేదు. చాదర్‌ఘాట్ గదిలో కరువైనది మందు కంటే ఎక్కువగా మనిషే.

ఆ గది ఎక్కడ తీసుకోవాలన్నది కూడా వెళ్లినవాళ్లు చూడాల్సిన పనే. 2025 సెప్టెంబరు చివర్లో మూసీ పొంగి ఎంజీబీఎస్‌లోకి నీళ్లు వచ్చాయి, చాదర్‌ఘాట్ చిన్న వంతెన మీద రాకపోకలు ఆపేశారు. వానాకాలంలో ఆపరేషన్ అయినవాళ్లకు నది ఒడ్డు పల్లపు సందు కంటే ఆసుపత్రి ఉన్న వైపునే, వంతెన దాటే పని లేకుండా, మేడ మీద గది నయం. దోమతెర, కాచిన నీళ్లు, మూత్రం కొలిచే గిన్నె, బరువు చూసే యంత్రం తప్పనిసరి.

ఆపరేషన్ తేదీ తెలిసిన రోజునే డాక్టర్ని ఇంకో మాట కూడా అడగండి, మూత్రనాళంలో పెట్టే స్టెంట్ ఎప్పుడు తీస్తారని. నాలుగు నుంచి ఆరు వారాలు అని చెబుతారు. టికెట్ ఆ తేదీ చూసి కొనండి.