నూనెతో పోని ఉప్పు



ఈ మధ్య ఒకరిద్దరు మమ్మల్ని నవ్వుతూనే అడిగారు, "అయ్యగారికీ అమ్మగారికీ తుపాకీలతో ఏం పనండీ?" అని. అడగడంలో తప్పేమీ లేదు. నాగాయలంక వైపు మన సహోదరుడొకరు పాత వేట రైఫిలు కొనుక్కోవాల్సి వస్తే మేమిద్దరం తోడు వెళ్లాం. ఆయన ఒప్పుకున్నాకే, పేరు చెప్పకుండా, ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాం.

ఆయన సైన్యంలో పదిహేడేళ్లు చేసి వచ్చారు. పింఛను ఇల్లు గడవడానికి చాలుతుంది గానీ పెద్దమ్మాయి నర్సింగు ఫీజుకు చాలదు. గుడివాడలో ఒక బ్యాంకుకు గన్‌మన్ కావాలని కబురొచ్చింది. సొంత లైసెన్సు, సొంత తుపాకీ ఉన్నవాళ్లకే ఆ పని. ఆయనకు లైసెన్సు ఉంది, తుపాకీ లేదు. చేతిలో ఉన్నది 50,000 రూపాయలు. కొత్తది కొనే మాటే లేదు. అందుకని పాత .315 బోల్టు రైఫిలు కోసం వెతకడం మొదలుపెట్టారు.

ఈ .315 రైఫిలు పుట్టింది వేట కోసమే. తెల్లదొరల ప్రభుత్వం తన సైన్యం వాడే .303 తూటా బయటివాళ్ల చేతుల్లో పడకూడదనుకుంది. దాంతో ఇంగ్లాండులోని బీఎస్‌ఏ వంటి కంపెనీలు అదే లీ ఎన్‌ఫీల్డ్ తరహా బోల్టుతో, వేరే కొలత తూటా పట్టేలా, మన దేశంలోని షికారీల కోసం రైఫిళ్లు చేసి పంపాయి. తర్వాత బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలోనూ ఇవి తయారయ్యాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేటకు కళ్లెం పడింది. రైఫిళ్లు మాత్రం ఇళ్లలో మిగిలాయి. ఇప్పుడు వాటిలో కొన్ని బ్యాంకు గుమ్మాల దగ్గర కాపలా కాస్తున్నాయి.

మొదట మచిలీపట్నం దగ్గర ఒకటి చూశాం. మధ్యవర్తి చూపించాడు. చెక్క అద్దంలా మెరుస్తోంది, ఇనుము నల్లగా నిగనిగలాడుతోంది. ధర 30,000. మాకైతే చూడగానే నచ్చింది. మన సహోదరుడు మాత్రం పైమెరుగు వైపు చూడలేదు. ముందు లోపల తూటా లేదని రెండుసార్లు చూసుకున్నారు. బోల్టు బయటికి తీసి, గొట్టాన్ని వెలుతురు వైపు పెట్టి వెనకనుంచి కన్ను ఆనించారు. తర్వాత మమ్మల్నీ చూడమన్నారు. గొట్టం లోపల మెలి తిరుగుతూ సాగే గాడులు ఉంటాయి. తూటా సుడి తిరుగుతూ సూటిగా వెళ్లేది వాటివల్లే. ఆ గాడులు అరిగిపోయి, మధ్యలో మశూచి మచ్చల్లా గుంటలు పడి ఉన్నాయి.

"ఇది ఉప్పు తిన్న గొట్టమండీ అయ్యగారూ" అన్నారాయన.

వివరం అడిగితే చెప్పారు. పాతకాలం తూటాల అడుగున నిప్పు పుట్టించే మందులో పొటాషియం క్లోరేటు ఉండేది. పేలాక అది ఒక రకం ఉప్పుగా మారి గొట్టం లోపల అంటుకుంటుంది. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది, తేమ తుప్పు పట్టిస్తుంది. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతంలో ఇక చెప్పేదేముంది? చాలామంది వేట నుంచి రాగానే నూనె గుడ్డతో తుడిచి గోడకు తగిలించేవారు. నూనెలో ఉప్పు కరగదు. నూనె పొర కింద అది తన పని తాను చేసుకుపోతుంది. అందుకే సైన్యంలో ముందు మరిగే నీళ్లు గొట్టంలో పోసి కడిగి, పొడిగా తుడిచి, ఆ తర్వాతే నూనె రాసేవారట.

ఈ మాట దివిసీమవాళ్లకు వేరే చెప్పాలా? 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి, సముద్రపు నీళ్లు పొలాల మీద నిలిచిన రోజులు మన పెద్దలకు గుర్తే. ఉప్పు పేరిన నేల మీద ఎంత ఎరువు చల్లినా పైరు రాదు. మంచినీళ్లు పెట్టాలి, నిలవనివ్వాలి, ఆ నీటిని బయటికి తీసెయ్యాలి. ఒక్కసారితో పోదు, మళ్లీ మళ్లీ చెయ్యాలి.

రెండో రైఫిలు గుడివాడలో దొరికింది. ఇంటి పెద్దాయన కాలం చేశాక, చట్టం చెప్పినట్టే, కుటుంబం దాన్ని పోలీస్ స్టేషనులో జమ చేసింది. స్టేషను రైటరు ఎదుటే చూశాం. చెక్క వెలిసిపోయి ఉంది, మడమ దగ్గర చిన్న చీలిక, ఇనుము మీద ఎర్రటి మరకలు. గొట్టంలో మాత్రం గాడులు పదునుగా, శుభ్రంగా ఉన్నాయి. బోల్టు మీది నంబరూ రైఫిలు నంబరూ ఒకటే. ఇది ముఖ్యమట. ఈ రకంలో ఏ రైఫిలుకు ఆ బోల్టును కొలిచి అమరుస్తారు. ఇంకోదాని బోల్టు తెచ్చి పెడితే పేల్చినవాడి ముఖానికే ప్రమాదం. పెద్దాయన భార్య 38,000 అడిగారు. బేరం కుదిరాక ఆమె ఒకే మాట అన్నారు: "ఇక దీంతో దేన్నీ చంపరుగా బాబూ?" ఆయన చంపనని మాటిచ్చారు.

అసలు పరీక్ష ఇక్కడ వచ్చింది. లైసెన్సు ఉన్న ఇద్దరి మధ్య అమ్మకమైనా, జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీస్ స్టేషనుకో రాసిచ్చి 45 రోజులు ఆగాలని ఆయుధాల చట్టం చెబుతుంది. ఈ కుటుంబం విషయంలోనూ మచిలీపట్నం కలెక్టరేటు నుంచి కాగితాలు తేలేదాకా ఆగాల్సి వచ్చింది. బ్యాంకువాళ్లేమో నెలలోపు చేరమన్నారు. మొదటి మధ్యవర్తి మళ్లీ ఫోను చేసి, "నాది ఇవాళే తీసుకోండి, 5,000 తగ్గిస్తాను, కాగితాలు తర్వాత చూసుకుందాం" అన్నాడు. ఆ రాత్రి వాళ్లింట్లో ఎవరికీ నిద్ర లేదు. మేమూ వెళ్లి కూర్చున్నాం. ఏం చెయ్యమని మేము చెప్పలేదు. తెల్లారాక ఆయనే అన్నారు, "కాపలా ఉద్యోగానికి దొంగ దారిన పోతే ఎట్లాగండీ?"

ఆయన ఆగారు. ఆ ఉద్యోగం వేరొకరికి పోయింది. ఆగినవాళ్లకు అన్నీ వెంటనే దొరుకుతాయని మేము రాయలేం. అలా జరగలేదు కాబట్టి.

కాగితాలు వచ్చాక రైఫిలును విజయవాడలో లైసెన్సు ఉన్న మరమ్మతు దుకాణానికి ఇచ్చారు. ఇలాంటి పని ఏ లేతు షాపులోనో చేయించకూడదు. బోల్టు మూసినప్పుడు తూటా వెనక సందు సరిగ్గా ఉందో లేదో కొలిచారు, లోపలి స్ప్రింగు మార్చారు, చీలిక అతికించారు. 7,500 అయింది. తోలు పట్టీ, బ్రష్షులు, నూనెలు కలిపి 1,200. మొత్తం 46,700. పైతుప్పును ఆయనే ఇంటి దగ్గర సన్నటి ఉక్కుపీచుకు నూనె తడిపి నెమ్మదిగా తీశారు. నంబర్లు, ముద్రలు ఉన్నచోట చెయ్యి పెట్టలేదు. అవి చెరిగితే నేరం. చెక్కకు అవిసె నూనె అరచేత్తో పలచగా రుద్ది, ఆరనిచ్చి, మళ్లీ రుద్దుతూ పదిహేను రోజులు గడిపారు. ఇప్పుడది అద్దంలా మెరవదు. పాత మంచం కోడులా నున్నగా ఉంది.

మూడు నెలలకు మచిలీపట్నంలో మరోచోట పని దొరికింది. జీతం ఆ బ్యాంకు చెప్పినదానికంటే 2,000 తక్కువ. రోజూ బస్సు ప్రయాణం. అమ్మాయి ఫీజులో సగం కట్టారు, మిగతా సగానికి గడువు అడిగారు. రైఫిలు ఇంతవరకు పేలలేదు. అది ఎన్నటికీ పేలకూడదన్నదే ఆయన ప్రార్థన, మాదీ అదే.

మనలో చాలామంది పాతవే కొంటాం: పడవ ఇంజను, మందు కొట్టే స్ప్రేయరు, మోటారు సైకిలు. రంగు చూసి డబ్బు తియ్యకండి. లోపల చూడండి, నంబరు చూడండి, కాగితం చూడండి. బయటి మరకలు పోతాయి. లోపల తినేసిన ఇనుము తిరిగి రాదు.

మరొక మాట. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదాలో, అత్తాకోడళ్ల మధ్య పాత మాటో మిగిలిపోయిన ఇళ్లు మనకు తెలుసు. పండగకు అందరూ కలుస్తారు, నవ్వుతారు, ఫోటోలు దిగుతారు. అదంతా మంచిదే. అయితే గిన్నె బయట మాత్రమే తోమేవారిని ప్రభువు ఎందుకంత గట్టిగా గద్దించారో, ఆ మచిలీపట్నం రైఫిలు గొట్టంలోకి చూసినప్పుడు మాకు బాగా అర్థమైంది. ఉప్పును ఉప్పని ఒప్పుకుని, వేడి నీళ్లంత బాధైనా సరే, ఆ మాట ఎత్తి మాట్లాడుకుని కడుక్కోండి. నూనె ఆ తర్వాత రాయవచ్చు.

మీ ఇళ్లకు సమాధానము కలుగును గాక.