మూడు మెట్ల నిచ్చెన

ఉగాదికి గుమ్మానికి తోరణం కట్టాలి. ఎండలు ముదిరేలోగా ఏసీ ఫిల్టర్లలో ఇసుక దులపాలి. ఊరి నుంచి తెచ్చుకున్న ఆవకాయ జాడీ కిచెన్‌లో పై అరలో ఉంటుంది. దుబాయ్, షార్జా ఫ్లాట్లలో ఇవన్నీ చెయ్యి అందని ఎత్తులోనే ఉంటాయి. మన ఊళ్ళో అయితే కేకేస్తే ఎవరో ఒకరు వచ్చి అందిస్తారు. ఇక్కడ ఆయన ఆఫీసుకీ, పిల్లలు స్కూలుకీ వెళ్ళాక మిగిలేది మనమూ, డైనింగ్ టేబుల్ కుర్చీ. తలుపు వేసున్న ఇంట్లో ఆ కుర్చీ మీంచి పడితే, ఫోన్ చేతికందే చోట లేకపోతే, సాయంత్రం దాకా చూసేవాళ్ళుండరు. అందుకే ఇంట్లో మిక్సీ తర్వాత కొనాల్సిన వస్తువు మడత నిచ్చెనే అంటాను.

కొనేముందు టేపు తీసి కొలవండి. నా ఎత్తు 157 సెంటీమీటర్లు. చెయ్యి పైకెత్తితే సుమారు 195 దాకా అందుతుంది. మా ఏసీ ఫిల్టరు 240 దగ్గర ఉంది. అంటే 45 తక్కువ. మెట్టుకీ మెట్టుకీ మధ్య 23 సెంటీమీటర్లుంటే రెండో మెట్టు సరిపోతుంది. అయినా నేను మూడు మెట్లదే, పైన చేతిపట్టీ ఉన్నదే తీసుకున్నాను. రెండో మెట్టు మీద నిలబడ్డప్పుడు మూడోది కాళ్ళకు ఆనింపుగా ఉంటుంది. పట్టుకోవడానికి ఏమీ లేని నిచ్చెనలో చిట్టచివరి మెట్టు ఎక్కనే కూడదు.

రంగు చూసే ముందు లేబుల్ చూడండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 131 అని ఉంటే 150 కిలోల వరకు మోస్తుంది. అమెరికా పద్ధతిలో టైప్ 3 అంటే 200 పౌండ్లు, అంటే సుమారు 90 కిలోలే. ఆ లెక్కలోకి మనతో పాటు చేతిలోని జాడీ, సూట్‌కేసు కూడా వస్తాయి.

డిగ్రీలో చదివిన గరిమనాభి నాకు ఎక్కువగా పనికొచ్చింది ఇక్కడే. మన బరువు నిచ్చెన నాలుగు కాళ్ళ మధ్యనే పడుతున్నంతసేపు నిచ్చెన నిలబడుతుంది. ఇంకో జానెడు దూరంలో ఉన్న మూల తుడుద్దామని పక్కకి వంగితే బరువు ఆ హద్దు దాటుతుంది. పైకి ఎక్కేకొద్దీ కొంచెం వంగినా చాలు, పడిపోతాం. బొడ్డు ఎప్పుడూ రెండు పక్క కమ్మీల మధ్యే ఉండాలి. అందకపోతే దిగి, నిచ్చెన జరుపుకుని, మళ్ళీ ఎక్కాలి. పట్టేది అర నిమిషం.

మిగతావి చిన్న విషయాలే. నిచ్చెన పూర్తిగా విప్పి లాక్ పడిందో లేదో చూసుకోవాలి. తడిగుడ్డ పెట్టిన టైల్స్ ఆరాకే వెయ్యాలి. నైటీ అంచు, చున్నీ కాళ్ళకు అడ్డం పడకుండా దోపుకోవాలి. సాక్సులతో ఎక్కకూడదు. బల్బు మార్చాలన్నా, ఏసీ ముట్టుకోవాలన్నా ముందు బ్రేకర్ ఆపాలి. అల్యూమినియంలో కరెంటు పారుతుంది. ఫోన్ జేబులో ఉండాలి, అంబులెన్సు నంబరు 998 అని పిల్లలకు కూడా తెలిసుండాలి. కిటికీ బయటివైపు తుడవడం, హాల్లో ఎత్తున వేలాడే లైటు విప్పడం మన పనులు కావు. మెయింటెనెన్సు వాళ్ళకి చెప్పండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, పని అయ్యాక నిచ్చెన ఎక్కడ పెడతామన్నది. ఫ్లాట్లో చోటు చాలక చాలామంది బాల్కనీలో పెడతారు. బాల్కనీలో, కిటికీల దగ్గర పిల్లలు ఎక్కగలిగే సామాను ఉంచొద్దని షార్జా పోలీసులు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు. కుర్చీ అయినా పిల్లాడు తంటాలు పడి ఎక్కాలి, నిచ్చెనకి మెట్లు సిద్ధంగా ఉంటాయి. మనం చూసి నేర్చుకోమన్నవి పిల్లలు నేర్చుకోరు గానీ, మనం ఎక్కడం మాత్రం శ్రద్ధగా చూస్తారు. మా నిచ్చెన బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్‌లో, నా చీరల వెనక, తాళం లోపల ఉంటుంది. తీయడానికి కాస్త విసుగే. ఆ విసుగు నాకు ఇష్టమే.