పాటిమన్ను

మా గుంటూరు, ప్రకాశం వైపు పల్లెల్లో పుట్టినవాళ్లకి పాటిమన్ను అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తక్కినవాళ్ల కోసం చెబుతాను. ఎప్పుడో పాడుపడిన ఊరు మట్టిదిబ్బగా మిగిలితే దాన్ని పాటిదిబ్బ అంటాం. వేసవిలో బండ్లు కట్టుకెళ్లి ఆ మన్ను తెచ్చి చేలో చల్లితే, మిరపైనా పత్తైనా ఏపుగా వస్తుందని రైతులు చెబుతారు.

అంత బలం ఎక్కడిదంటారా? పొయ్యిలో బూడిద, పశువుల పేడ, ఎముకలు, వాకిలి ఊడ్చి పారబోసిన చెత్త! తరతరాల ఆడవాళ్ల చాకిరీ అక్కడ మేట వేసిందన్నమాట. రాజులకేం, రాళ్లమీద చెక్కించుకున్నారు. మోటుపల్లిలో ఓడవర్తకులకి ధైర్యం చెబుతూ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఇప్పటికీ ఉంది. మరి ఆనాటి ఇల్లాలు ఏ కుండలో వండిందో, ఏ గాజులు తొడుక్కుందో ఎవరు చెబుతారు? పాటిదిబ్బే చెప్పాలి. మా నాయనమ్మ వాన వెలిశాక దిబ్బమీద తేలిన పూసలు ఏరుకొచ్చి, "ఎవరి మెళ్లోవో పాపం" అంటూ గూట్లో దాచేది.

ఇంగ్లండులో ఇలా ఖాళీ అయిపోయిన పాత ఊళ్లు దాదాపు 3,000 ఉన్నాయట. యార్క్‌షైర్‌లోని వారమ్ పెర్సీలో గొర్రెల మేత కోసం 1500 ప్రాంతంలో చివరి కాపురాలని వెళ్లగొట్టారు. బెరెస్‌ఫర్డ్, హర్స్ట్ అనే ఇద్దరు పండితులు 1950 నుంచి 1990 దాకా ఏటా వేసవిలో అక్కడ ఓపిగ్గా తవ్వించి, మామూలు రైతుల ఇళ్ల కథ రాబట్టారు. ఇప్పుడా చోటుకి చట్టం కాపలా.

మనకీ 1958 నాటి చట్టం ఉంది. కాని అది రక్షిత ప్రాంతమని ప్రకటించిన చోట్లకే. భట్టిప్రోలు స్తూపం సంగతే చూడండి. దాని ఇటుకలూ రాళ్లూ రోడ్లకీ కాలువ పనులకీ తరలిపోయాకగానీ, 1892లో అలెగ్జాండర్ రీ తవ్వి ధాతుకరండాలు బయటికి తీయలేదు. స్తూపానికే ఆ గతి పడితే, పేరైనా లేని పాటిదిబ్బని పట్టించుకునేదెవరు?

రైతుని తప్పుపట్టను. ఎద్దుబండి ఏడాదికింత తీసుకెళ్లేది. ప్రొక్లెయిన్ ఒక్కపూటలో దిబ్బంతా ఊడ్చేస్తుంది. అదే నా బాధ. తవ్వేముందు పురావస్తు శాఖకి ఓ ఉత్తరం ముక్క రాస్తే ఏం పోయింది? దిబ్బలో ఓ మూలైనా అలాగే వదిలేస్తే ఎంత నష్టం?

మనుషుల్లేని ఊరిని రెవెన్యూ లెక్కల్లో 'బేచిరాకు' అని రాస్తారు. చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టే దిక్కులేని ఊరని అర్థం. దీపం ఎలాగూ ఆరిపోయింది. పొయ్యి బూడిదనైనా కాస్త మిగలనిద్దాం.