ఈడు

వయస్సు లెక్కించుట సులభము; ఈడు నిర్ణయించుట కష్టము. సంవత్సరములను వ్రేళ్లపై నెంచవచ్చును గాని దేహబలము నట్లెంచ వీలులేదు. ఈ భేదమును నేనొక పాము మూలమున నాలోచింపవలసి వచ్చినది.

నా పూర్వశిష్యు డొకడు అమెరికాలోని ఉత్తర కరోలినాలో కాపుర మున్నాడు. కుమార్తె ముచ్చటకై విషము లేని మొక్కజొన్న పామును పెంచుచున్నాడు. ఆ దేశపు టాగ్నేయభాగమే దానికి పుట్టినిల్లు. గాదెలలో నెలుకలను పట్టి తిని రైతునకు మేలుచేయు జాతి యది. "మాస్టారూ, మా ఆడుపామునకు రెండేండ్లు నిండినవి. పొరుగువారికి మగపా మున్నది. పిల్లలు కావలెనని అమ్మాయి పోరుచున్నది. జత చేయవచ్చునా?" అని యతడు వ్రాసెను. ప్రశ్నించుట నేర్పినవాడు జవాబును వెదకవలసినదే గదా యని నేను గ్రంథములు తిరుగవేసితిని.

మగపాము ఏడాదిన్నర, రెండేండ్లకు సిద్ధమగును. ఆడుదానికిని రెండవయేట గ్రుడ్లేర్పడవచ్చును. కాని గ్రుడ్లేర్పడుట వేఱు, వానిని క్షేమముగా పెట్టగలుగుట వేఱు. దేహము చాలని తల్లికి గ్రుడ్లడ్డుపడి ప్రాణమే పోవచ్చును. అందుచేత 3 ఏండ్ల వయస్సు, 3 అడుగుల పొడవు, 300 గ్రాముల బరువు, ఈ మూడును కూడినగాని జత చేయరాదని పెంపకమునం దనుభవ మున్నవారు చెప్పుదురు. ఆ బరువైనను క్రొవ్వుచే వచ్చినది కారాదు. కండచే వచ్చినది కావలెను.

ఆరోగ్యముగల పామునకు చలికాలమున ఆహారము మాన్పి, కడుపు ఖాళీయైన పిమ్మట, 8 మొదలు 12 వారములు సుమారు 10-13 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనమున విశ్రాంతి నిత్తురు. వసంతమున నది మేల్కొని, తిని, కుబుసము విడిచిన తరువాతనే జత చేయుదురు. ఒక్క కాన్పున 10 మొదలు 30 గ్రుడ్ల వఱకు పెట్టి తల్లి చిక్కి సగమగును.

ఇంకొక వత్సర మాగుమని నేను వ్రాసితిని. వెంటనే అమ్మాయి యడిగినది: "తాతగారూ, అది గ్రుడ్లు పెట్టగలిగినప్పుడు మనము వద్దనుట అన్యాయము కాదా?"

ప్రశ్న చిన్నది కాదు. అడవిలో నాహారము దొరికిన దినమున్నది, దొరకని దినమున్నది. అచ్చట పాము మెల్లగా నెదుగును. ఇంటిలో మనము వేళకు మేపుటచేత దాని ఈడు త్వరపడినది. త్వరపెట్టినవారు మనమైనప్పుడు ఆగవలసినవారమును మనమే. నోరులేని ప్రాణి తనకు బలము చాలదని చెప్పలేదు. దాని పక్షమున మనమే చెప్పవలెను. పుట్టబోవు ఇరువది పిల్లలకు ఇండ్లెక్కడ దొరకునో యనునదియు ముందే చూచుకొనవలసిన మాట.

ప్రతినెల పామును తూచి పుస్తకములో వ్రాయుమంటిని. అమ్మాయి యట్లే చేయుచున్నది. గడచిన నెల తూకము 240 గ్రాములు.