చింతపండుతో తోమబోయాను

కోనసీమలో అమ్మమ్మ వాళ్ల భోషాణం జరుపుతుంటే దాని కాలు కింద రాగి బిళ్ల దొరికింది. చింతపండు తెచ్చేలోపే మావయ్య కసిరాడు: “తోమితే పాతదనం పోతుందిరా, ఆగు!”

పొడిగుడ్డతో తుడిచి వెలుతురుకి ఏటవాలుగా పట్టాం. గుండె ఆకారపు గుర్తు, పైన 4 అంకె లాంటిది, లోపల వీ, ఈ, ఐ, సీ. ఆ ‘వీ’ని ‘యూ’ అని చదువుకోవాలి, యునైటెడ్ అన్నమాట. తేదీ 1794. రెండోవైపు ‘48 టు వన్ రుపీ’. మన ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ కొట్టించిన నాణెం! బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బోల్టన్ సోహో టంకశాలది. ధవళేశ్వరం ఆనకట్ట కన్నా యాభై ఏళ్ల పైనే పెద్దది మరి.

అమ్మమ్మ మాత్రం, “చూడ్డం అయిందా? భోషాణం ఊగుతోంది, అక్కడ పెట్టేయండి” అంది.