అంకుడు కొమ్మ దొరికినంత కాలం

ఎలమంచిలిలో దిగి ఆటో ఎక్కితే, పొలాల మధ్య నుంచి ఏటికొప్పాక చేరడానికి ఎంతోసేపు పట్టదు. పక్కనే వరాహ నది. అనకాపల్లి జిల్లాలోని ఈ ఊరి పేరు వినగానే ఇప్పుడు అందరికీ లక్క బొమ్మలే గుర్తొస్తాయి. కానీ దేశంలోని తొలినాటి సహకార చక్కెర కర్మాగారాల్లో ఒకటి వెలిసిందీ ఇక్కడే, 1933లో. నలుగురూ కలిసి తయారుచేసుకోవడం, కలిసి అమ్ముకోవడం ఈ ఊరికి నిన్నా మొన్నా నేర్పిన పాఠం కాదు.

బొమ్మల వీధిలోకి మలుపు తిరగక ముందే లేత్ మిషన్ల రొద వినిపిస్తుంది. వాకిళ్ళలో తెల్లటి చెక్క పొట్టు, గోడలకు ఆనించి ఎండబెట్టిన కర్రలు. ఒక ఇంటి అరుగు మీద పని చేసుకుంటున్న పెద్దాయనను పలకరించాను. బొమ్మలు కొనడానికి కాదు, బొమ్మల మీద ఇల్లెలా గడుస్తోందో తెలుసుకోవడానికి వచ్చానని చెప్పాను. "కూకోండమ్మా. ముందు పని చూడండి, తర్వాత లెక్కలు అడుగుదురు గానీ" అన్నారు. ఆ మాట ఎంత సరైనదో సాయంత్రానికి గానీ నాకు అర్థం కాలేదు.

ఆయన చేస్తున్నది కుంకుమ భరిణె. అరచేతిలో ఇమిడిపోయేంతది. మిషనుకు బిగించిన అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలి మొన ఆనించారు. బెరడు పోయి లోపలి తెలుపు బయటపడింది. అంకుడు కర్రకు దంతం లాంటి తెలుపు, చాలా సన్నటి నార. అందుకే ఉలికి సులువుగా లొంగుతుంది, అంచు పెచ్చులుగా లేవదు. మూత ముందు తయారైంది. లోపల తొలిచి, పైన నొక్కులు తీర్చి, తెంపి పక్కన పెట్టారు. అదే కర్రలో మిగిలిన ముక్క నుంచి భరిణె ఒళ్ళు తీశారు. మెడ దగ్గరకు వచ్చేసరికి మిషను ఆపడం, మూత పెట్టి చూడడం, మళ్ళీ వెంట్రుకంత తీయడం. ఇలా మూడు నాలుగు సార్లు జరిగాక మూత మెత్తగా దిగింది. కొలబద్ద ముట్టుకోనే లేదు. అంతా వేలి కొసల కొలతే.

"ఇంత బాగా కుదిరింది, మరి వానాకాలంలో బిగుసుకుపోదా?" అని అడిగాను.

"కర్ర ఎండితే ఏం కాదమ్మా. పచ్చి కర్రకి ఇయ్యాల మూత సరిపోతాది, నెల తిరిగితే సరిపోదు. అప్పుడు కొన్నోళ్ళు మమ్మల్నే తిడతారు. అందుకే కొట్టిన కర్ర నెలల తరబడి నీడన పెట్టాలి" అన్నారు.

తర్వాత రంగు. ఇక్కడ కుంచె లేదు, డబ్బా లేదు. పసుపు పచ్చటి లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు అదిమి పట్టారు. రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి చెక్కకు పట్టుకుంది. మొదట మచ్చలు మచ్చలుగా, గరుకుగా కనిపించింది. మొగలి ఆకు ముక్క మడిచి అదిమేసరికి ఆ మచ్చలన్నీ పరుచుకుని ఒకే పొర అయ్యాయి, నిగారింపు వచ్చింది. మీద ఎర్ర కడ్డీ అంచుతో ఒక సన్నని గీత. మళ్ళీ మొగలి ఆకు. మిషను ఆపి భరిణె నా చేతికిచ్చారు. ఇంకా గోరువెచ్చగా ఉంది.

ఈ పసుపు రంగు ఇలా ఉండడం వెనుక పెద్ద కథ ఉంది. చవగ్గా, కంటికి కొట్టేలా ఉండే రసాయన రంగులు వచ్చాక పాత రంగులు ఊళ్ళో మరుగున పడ్డాయి. రసాయన రంగులతో చిక్కు తర్వాత తెలిసింది. పసిపిల్ల చేతికి బొమ్మ ఇస్తే అది ముందు నోట్లోకే వెళుతుంది. సీసం లాంటి లోహాలున్న రంగులను విదేశాల్లో కొనేవాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఈ ఊరికే చెందిన సి.వి.రాజు గారు ఆ దశలో పాత దారిని మళ్ళీ వెతికారు. గింజలు, బెరళ్ళు, వేర్లు, ఆకుల నుంచి రంగులు తీయడం మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశారు, తోటి కళాకారులను కూడగట్టారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

చెప్పుకున్నంత తేలిక పని కాదది. ఆకులో, గింజలో ఉన్న రంగు నీళ్ళలోకి దిగుతుంది. లక్క నీళ్ళలో కలవదు. బట్టకు అద్దినట్టు రంగునీళ్ళలో ముంచితే సరిపోదు. రంగును పొడిగా మార్చి, వేడి మీద మెత్తబడిన లక్కలో పిసికి, అది ముద్దంతా సమానంగా పట్టేదాకా సాగదీసి, కడ్డీలుగా చేయాలి. ఒక పెరట్లో ఆ పని చూశాను. నిప్పుల కుంపటి దగ్గర కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు లక్క ముద్దను సాగదీస్తున్నారు, మడుస్తున్నారు, మళ్ళీ సాగదీస్తున్నారు. పసుపుకు పసుపు కొమ్ములు, నీలానికి నీలిమందు, రెండూ కలిస్తే ఆకుపచ్చ, నారింజ ఛాయలకు జాఫ్రా గింజలు. వెన్నకు రంగు పట్టించడానికి వాడే జాఫ్రా ఇదే. ఒక విడతకూ ఇంకో విడతకూ ఛాయలో కాస్త తేడా వస్తుంది. ఆ తేడాను లోపమనే వాళ్ళు ఉన్నారట. నాకైతే ఆ బొమ్మల పక్కన ప్లాస్టిక్ రంగుల్ని చూడబుద్ధి కాలేదు.

నా దృష్టిలో ఈ ఊరి చేతిపనిని వ్యాపారంగా నిలబెట్టింది ఈ రంగే. బొమ్మ ఎప్పుడూ అందంగానే ఉంది. కానీ నాలుగు రూపాయలు ఎక్కువ అడగడానికి కారణం కావాలి. "పిల్ల నోట్లో పెట్టుకున్నా భయం లేదు" అనే మాట ఆ కారణమైంది. పైగా లేత్ మీద పుట్టే వస్తువు గుండ్రంగానే పుడుతుంది. గుచ్చుకునే మూల ఉండదు. 2020 ఆగస్టులో ప్రధాని తన రేడియో ప్రసంగంలో ఈ ఊరి బొమ్మల గురించి మాట్లాడినప్పుడు చెప్పిన సంగతుల్లో ఇదీ ఒకటి. అంతకు ముందే, 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2021 జనవరి నుంచి బొమ్మలన్నిటికీ ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అన్నప్పుడు చేతివృత్తుల వాళ్ళు హడలిపోయారు. ఇంటి అరుగు మీద పని చేసేవాళ్ళు పరీక్షల యంత్రాలు ఎక్కడ పెట్టగలరు? హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తుల వారికీ, భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువులకూ మినహాయింపు ఇచ్చాకే ఊపిరి పీల్చుకున్నారు.

పెద్దాయన ముందే అన్నట్టు, లెక్కలు తర్వాత వచ్చాయి. లెక్కలు చెప్పింది ఆయన కోడలు. డిగ్రీ చదివిన అమ్మాయి. ముందు గదిలో ఒక మూల తెల్లని గుడ్డ పరిచి, కిటికీ వెలుతురులో బొమ్మలు పెట్టి ఫోనుతో ఫొటోలు తీస్తోంది. ఆ ఫొటోలు వాట్సాప్‌లో వెళతాయి, ఆర్డర్లు వస్తాయి, తనే అట్టపెట్టెల్లో సర్ది కొరియర్‌కు ఇస్తుంది. "అత్తయ్య బొమ్మకి రంగు పెడతారండి, నేను రేటు పెడతాను" అంది నవ్వుతూ. తర్వాత ఒక నోటుపుస్తకం చూపించింది. కర్ర, లక్క, రంగు, కరెంటు, పెట్టె, దారిలో విరిగే వాటి నష్టం, అన్నిటికీ గడులు. చివరి గడి మీద "మావయ్య గారి పూట" అని రాసి ఉంది.

"ముందర ఈ గడి లేదండి. కర్ర ఎంతయింది, లక్క ఎంతయింది, దాని మీద కొంచెం వేసి అమ్మేసేవారు. ఆయన పొద్దున్నుంచీ కూర్చున్న కూర్చోడం లెక్కలోకే వచ్చేది కాదు. నేను వచ్చాక ఆ గడి గీశాను. మొదట్లో ఆయనకే నచ్చలేదు. సొంత ఇంట్లో కూలి లెక్కేటమ్మా అన్నారు."

ఆ పుస్తకం ముందు నేను చాలాసేపు కూర్చుండిపోయాను. మన చేతివృత్తుల గురించి సభల్లో మాట్లాడే మాటలన్నిటి కంటే ఆ ఒక్క గడి విలువైనది. చేసేవాడి పూటకు వెల కట్టకుండా నడిచేది ఎంత గొప్ప కళైనా, ఇంటిల్లిపాదీ ఉచితంగా చేసే చాకిరీయే. ఆ ఇంట్లో ఇప్పుడు పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ పంచే భరిణెలు, దసరా సంక్రాంతులకు బొమ్మల కొలువు వరసలు, అమెరికాలో కొలువు పెట్టుకునే తెలుగు ఇళ్ళకు రాజు రాణి బొమ్మలు, గిలకలు, బొంగరాలు, అల్మారా పిడులు, చెవి జూకాలు ఇలా చిన్న చిన్న ఆర్డర్ల మీదే ఏడాది గడుస్తోంది. డిజైన్ కాలేజీల పిల్లలు వచ్చి కొత్త నమూనాలు గీసిచ్చి వెళుతుంటారట. వాటిలో పనికొచ్చేవి ఏవో పెద్దాయన చూడగానే చెప్పేస్తారు. పలకలుగా ఉన్నవి పక్కన పెడతారు.

అన్ని ఇళ్ళూ ఇలా లేవు. సొంత మిషను, సొంత పేరు ఉన్నవాళ్ళు కొందరే. మిగతావాళ్ళు ఇంకొకరి ఆర్డరుకు ముక్కకు ఇంత అని పని చేస్తారు. వాళ్ళ చేతిలో నోటుపుస్తకం ఉన్నా అందులో రేటు గడి వాళ్ళది కాదు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో సంప్రదాయ బొమ్మల తయారీని కూడా చేర్చారు. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు దొరుకుతుంది. మిషను కొనుక్కోవడానికి ఇది మంచి దారే. ముక్క కూలికి పని చేసేవాళ్ళు ఈ దారిలో ముందు నిలబడాలని నా కోరిక. ఇక్కడికి దగ్గర్లోనే అచ్యుతాపురం సెజ్ ఉంది. నెల తిరగ్గానే జీతం ఇచ్చే ఉద్యోగం కళ్ళెదుట ఉన్నప్పుడు, ముక్క కూలికి లేత్ ముందు కూర్చోమని ఏ కుర్రాడికి చెప్పగలం?

రంగు సమస్య తీరింది. ఆర్డర్ల దారి దొరికింది. ఇక మిగిలింది కర్ర. మధ్యాహ్నం వరకు ఎవరి నోటా వినని ఈ మాట, భోజనాల తర్వాత అందరి నోటా వచ్చింది. అంకుడు అడవి చెట్టు. పొడి నేలల్లో, కొండ వాలుల్లో పెరుగుతుంది. పాలు కారే చెట్టు. జంట కాయలు కొసల దగ్గర కలుసుకుని వేలాడుతుంటాయి. ఆకుల నుంచి కూడా ఒకప్పుడు నీలి రంగు తీసేవారు. బొమ్మలకు మాను పనిలేదు, కొమ్మలు చాలు. కొమ్మ కొడితే మళ్ళీ చిగురిస్తుంది కాబట్టి తెలిసి కొట్టేవాడి చేతిలో చెట్టు చావదు. కానీ దగ్గర్లోని కొండల మీద చెట్లు పలచబడ్డాయి. అడవిలో కొట్టాలంటే అనుమతులు కావాలి. దూరం నుంచి తెప్పిస్తే కర్ర ఖర్చుకు రవాణా ఖర్చు తోడవుతుంది. వచ్చిన కర్రను నెలల తరబడి ఎండబెట్టే ఓపిక, అంతవరకూ పెట్టుబడిని కదలకుండా ఉంచే స్తోమత అందరికీ ఉండవు. పచ్చి కర్ర మీద మూత బిగించే తొందర అక్కడే పుడుతుంది.

2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్ మీద ఏటికొప్పాక బొమ్మల శకటం నడిచింది. రాష్ట్రాల శకటాల్లో మూడో బహుమతి కూడా వచ్చింది. ఊరంతా టీవీల ముందు కూర్చుని చూశామని చెబుతుంటే వాళ్ళ ముఖాల్లోని సంతోషం నన్నూ తాకింది. ఆ సంతోషాన్ని తక్కువ చేయను. అయితే అదే పట్టుదలతో పంచాయతీ బంజర్లలో, కాలవ గట్ల మీద, నది ఒడ్డున అంకుడు నాటించాలని అధికారులను గట్టిగా అడగాల్సిన సమయం ఇది. ఉపాధి హామీ పనుల్లో మొక్కలు నాటడం ఎలాగూ ఉంది. నాటే మొక్కల్లో అంకుడు ఎందుకు ఉండకూడదు? నర్సరీల్లో నారు పోయించి, కొమ్మ కొట్టే హక్కు ఈ కళాకారుల సంఘాలకు రాసిస్తే చాలు. ఈ వ్యాపారానికి ఇంతకంటే పెద్ద పెట్టుబడి అక్కర్లేదు.

వెళ్ళే ముందు పెద్దాయన అరుగు దగ్గర మళ్ళీ ఆగాను. కొన్న భరిణెలు కాగితంలో చుడుతూ, ఎండలో పెట్టొద్దనీ, వేడి నీళ్ళు తగలనివ్వొద్దనీ, పొడి గుడ్డతో తుడుచుకుంటే చాలనీ జాగ్రత్తలు చెప్పారు. బేరం ఆడలేదు. కోడలి పుస్తకం చూశాక ఆడాలనిపించలేదు. మీ అబ్బాయి కూడా ఈ పనిలోనే ఉంటాడా అని అడిగితే, వారంలో ఆరు రోజులు కంపెనీకి వెళతాడనీ, ఆదివారం మాత్రం మిషను ముందు కూర్చుంటాడనీ చెప్పారు. చెయ్యి బాగా కుదిరిందట.

"పూర్తిగా ఇటే వచ్చేత్తానంటాడమ్మా. నేనే ఆగమన్నాను. మిషనుంది, ఆర్డర్లున్నాయి. ఈ సంక్రాంతికొచ్చిన ఆర్డరొకటి ఎండు కర్ర లేక కోడలు వద్దని సెప్పేసింది. ముందు రెండేళ్ళకి సరిపడా కర్ర లోపలెట్టుకోనీ, అప్పుడు రమ్మంటాను."